నిలువుకాళ్ల కొలువు

మే 6

పిచ్చుకా,

హాస్టల్లో వేళకి తింటున్నావా అని అడగను. అడిగితే తింటున్నాననే రాస్తావు. నువ్వూ నన్ను బాగున్నావా అని అడక్కు. మంచం మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు గోడకి ఎత్తిపెట్టి ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే కలాన్ని తిట్టకు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. షాపులో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారు. ఇంట్లో ఉన్నది ఒక్క గది, అందులో మీ బాబాయి. ఆయన ఆ షాపు గేటుకే వాచ్‌మన్ అయిపోయె, నాకు ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే అయిపోయె. షాపు మీద ఈగ వాలనివ్వడు. నేను నోరు తెరిస్తే "అన్నం పెట్టే చెయ్యి అది" అని మొదలుపెడతాడు. అందుకని ఉత్తరం.

నిన్న జరిగింది విను. నాలుగంతస్తుల షాపులో నాది రెండో అంతస్తని నీకు తెలుసు కదా, పరదాల కౌంటరు. పక్కన టవళ్లమ్మే పిల్లని పొడుగమ్మాయి అంటాం. పొద్దున్నుంచీ దానికి ఒళ్లు కాలిపోతోంది. మధ్యాహ్నం బేరాల్లేక అంతస్తంతా ఖాళీగా ఉంటే, వెనకున్న రాక్‌కి వీపు ఆనించింది. కూర్చోలేదు, ఆనించిందంతే. మా మేనేజరు కింద గాజుగదిలో కూర్చుని కెమెరాల్లో మమ్మల్ని చూస్తుంటాడు. మేం గద్ద అంటాం. వెంటనే మైకులో వినిపించింది: "రెండో అంతస్తు, టవళ్లు. రాక్‌లు బట్టలు పెట్టుకోవడానికి." షాపంతా విన్నారు. మెట్ల మీద ఎవరో నవ్వారు కూడా. పిల్ల నిటారుగా నిలబడింది. ఇంకాసేపటికి నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయింది.

గద్ద పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, పిల్లతోపాటు కిందపడ్డ టవళ్లు ముందు ఏరాడు.

ఆ జ్వరం ఎందుకొచ్చిందో చెప్పనా? మేం నీళ్లు తాగం. తాగితే బాత్రూముకి పోవాలి. అది మేడ మీద ఉంది. వెళ్లాలంటే అంతస్తుకి ఒక చెక్కబిళ్ల ఉంటుంది. ఒకరు దాన్ని పట్టుకెళ్తే, వాళ్లు తిరిగొచ్చేదాకా మిగిలినవాళ్లు బిగబట్టుకోవాల్సిందే. దానికి మూత్రంలో మంట, అక్కణ్నుంచి జ్వరం. నీళ్లు బాగా తాగమన్నాడు డాక్టరు. డాక్టరుకేం, చెబుతాడు.

భోజనానికి పావుగంట ఇస్తారు. మెట్ల కింద నిలబడే తింటాం, అక్కడా కుర్చీ లేదు. షట్టర్ దించాక రోజంతా విప్పిన బట్టలన్నీ మళ్లీ మడతపెట్టాలి. ఆ పని ఏ లెక్కలోకీ రాదు. నా పిక్కల మీద నరాలు పొట్లతీగల్లా మెలికలు తిరిగాయి. చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని కప్పుకుంటున్నాను.

ఇన్ని చట్టాలు చదువుతున్నావు కదే, వీళ్ల పని పట్టే దిక్కే లేదా ఈ లోకంలో?

కడుపుమంటతో,
పిన్ని


మే 13

పిన్నీ,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. ఇంటికెళ్లి చదవాల్సింది. తర్వాత మా వకీలుగారి కాగితాలు టైపు చేస్తుంటే వాది పేరున్న చోట ప్రతివాది పేరు కొట్టాను, తిట్లు తిన్నాను. పోనీ.

దిక్కే లేదా అన్నావు. ఉంది పిన్నీ. షాపుల్లో పనిచేసేవాళ్ల కోసమే చట్టం ఉంది. గంటల తరబడి ఆపకుండా పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతి ఇచ్చి తీరాలి. ఆ వేళలో నువ్వు వాళ్ల మనిషివి కావు, ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా కూర్చోవచ్చు. బేరం లేనప్పుడు కూర్చోవడానికి ఆసనం ఉండాలి. మంచినీళ్లు, బాత్రూము అడుక్కునే వస్తువులు కావు. షట్టర్ దించాక చేసే మడతలు కూడా పనే, దాన్నీ పనిగంటల్లో కలపాలి. ఇవన్నీ అచ్చులో ఉన్నాయి. నువ్వు ఇన్నేళ్లుగా ఆ కాళ్ల మీద నిలబడుతుంటే ఇవి పుస్తకాల్లో హాయిగా పడుకుని ఉన్నాయని తెలిసి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని ఊరుకోలేదు. మీ ఊరి లేబర్ ఆఫీసుకి ఫిర్యాదు పంపించేశాను. భయపడకు, అందులో నీ పేరు లేదు, నా పేరూ లేదు. జ్వరంతో ఉన్న అమ్మాయిని కింద పడిపోయేదాకా నిలబెట్టారని మాత్రం గట్టిగా రాశాను. అది చదివితే ఎంతటివాడైనా కుర్చీలోంచి లేవాలి.

అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నేను కాలు నొప్పంటే రాత్రంతా పట్టిన చెయ్యి నీది. నీ కాళ్ల కోసం నేను ఈమాత్రం చేయకపోతే ఈ చదువెందుకు, తగలబెట్టనా?

నా గదిలో ఉండే అమ్మాయి గురక సంగతి ఇంకోసారి రాస్తాను. అదో పెద్ద కథ.

నీ పిచ్చుక


మే 27

పిచ్చుకకి,

నిన్నెవరే రాయమన్నారు?

కడుపు మండి నాలుగు మాటలు అన్నాను. ఆడవాళ్లం బావి దగ్గర, పంపు దగ్గర అనుకోమా? దిక్కే లేదా అంటే, నువ్వు వెళ్లి దిక్కులన్నీ పిలుచుకురా అనా దానర్థం? ఒక్క మాట అడగాలనిపించలేదా నీకు?

సోమవారం పొద్దున షాపు తెరిచేసరికి టెంట్ హౌస్ ఆటో వచ్చింది. తెల్ల ప్లాస్టిక్ కుర్చీలు దింపారు. కౌంటరుకొకటి వేశారు. మాకు నవ్వొచ్చింది, ఎవరిదో పెళ్లి అనుకున్నాం. గద్ద వచ్చి, "ఈ పూట ఎవరడిగినా రోజూ ఉంటాయని చెప్పాలి" అన్నాడు. తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముందు షావుకారు గదిలో చల్లగా కూర్చుని, చల్లగా ఏదో తాగి, అప్పుడు పైకొచ్చాడు. గద్ద పక్కనే నిలబడి ఉండగా మమ్మల్ని వరసగా అడిగాడు, "ఏమ్మా, కూర్చోనిస్తున్నారా?" అందరం తలూపాం. నేనూ ఊపాను. గద్ద కళ్లు నా మీదే ఉన్నాయి, గేటు దగ్గర మీ బాబాయి ఉన్నాడు, ఇంకేం చేయమంటావు?

ఇన్‌స్పెక్టరు మెట్లు దిగాడో లేదో ఆటోవాడు కుర్చీలు ఎక్కించుకుపోయాడు.

ఆ తర్వాత అసలు సంగతి. పడిపోయిన పిల్ల గురించి అంత గట్టిగా రాశావు కదా, రాసింది ఆ పిల్లే అనుకున్నారు. వేరే ఎవరనుకుంటారు? మధ్యాహ్నానికల్లా దాన్ని లెక్క చూసుకుని పొమ్మన్నారు. అది ఏడవలేదు. ఎందుకు పొమ్మంటున్నారో కూడా దానికి అర్థం కాలేదు. నా వైపు చూసింది, "పిన్నీ, నేనేం చేశాను?" అని. అది కూడా నన్ను పిన్నీ అనే పిలుస్తుంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల తమ్ముడికి అప్పటికే ఎవరో చెప్పారు, ఫిర్యాదు వెనక నా మనిషే ఉందని. నాకు వకీలు దగ్గర పనిచేసే కూతురుందని షాపంతా తెలుసులే, నేనే గొప్పగా చెప్పుకుని తిరిగాను. తలుపు నా మొహం మీదే వేశారు.

ఇప్పుడు అది ఇంట్లో కూర్చుంది. నేనింకా నిలబడే ఉన్నాను. చాలా బాగా చేశావు.

పిన్ని


జూన్ 2

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ తప్పు నాదేనని ఒప్పుకుందామని మొదలుపెట్టడం, చివరికొచ్చేసరికి కోపం రావడం.

కుర్చీలు అద్దెకి తెచ్చింది నేను కాదు. ఆ అమ్మాయిని పొమ్మంది నేను కాదు. ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడి అడిగితే తలూపింది కూడా నేను కాదు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లేదు అని ఉంటే కథ వేరేగా ఉండేది. తప్పు చేసినవాళ్లని వదిలేసి, ఆ తప్పుని కాగితం మీద పెట్టినదాన్ని తిడుతున్నావు. నీ కోపానికి షావుకారు ఎదురుగా నోరు పెగలదు, నా దగ్గరికొచ్చేసరికి ఎక్కళ్లేని ఉత్తరాలూ రాస్తుంది.

ఇంకోటి చెప్పు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని షావుకారుకి ముందే ఎలా తెలిసింది? కుర్చీలు పొద్దున్నే ఎలా వచ్చాయి? నా ఫిర్యాదు సంగతి తెలిసినది నీకొక్కదానికే. ఆ ఇంట్లో ఉన్నది ఒక్క గది అని నువ్వే రాశావు. నేను రాసిన ఉత్తరం ఎక్కడ దాచావు, ఎవరు చదివారు? అన్నం పెట్టే చెయ్యి అంటూ ఆ షాపుని నెత్తిన పెట్టుకునే మనిషి ఎవరు? పొద్దున్నుంచి సాయంత్రందాకా గేటు దగ్గర కుర్చీలో కూర్చునే మనిషికి నిలబడేవాళ్ల కాళ్ల బాధ ఎందుకు పడుతుంది? బాబాయి నాకు చెడ్డవాడు కాదు. కానీ యజమాని ముందు ఆయన వెన్ను ఎప్పుడూ వంగే ఉంటుంది. చెప్పకూడనిది చెప్పి ఉంటే ఆయనే చెప్పి ఉంటాడు.

రాయకూడదనుకుంటూనే రాశాను. నీకూ కోపం రావాలనే రాశాను.

పిచ్చుక


జూన్ 11

పిచ్చుకకి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను పంపు దగ్గరున్నాను. మీ బాబాయి తీసుకుని విప్పాడు. ఇన్నాళ్లలో నా ఉత్తరం ఆయన విప్పడం అదే మొదలు. ఎందుకు విప్పావంటే, "మొన్నటి ఉత్తరం పంపినప్పట్నుంచీ నువ్వు అన్నం సరిగా తినట్లేదు, పిల్లకేమైనా అయిందేమోనని" అన్నాడు. మడిచి నా చేతికిచ్చి, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. నేను చదువుకున్నాను. చదివాక ఆయన మొహంలోకి చూడ్డానికి నాకే సిగ్గేసింది.

మర్నాడు పదకొండు దాటాక మా అంతస్తులో జనం మసులుతున్నారు. మెట్ల మీద ఏదో తగులుతున్న చప్పుడైంది. చూస్తే మీ బాబాయి, యూనిఫాంలో, గేటు దగ్గరి ఇనప కుర్చీ నెత్తిన పెట్టుకుని పైకొస్తున్నాడు. తిన్నగా వచ్చి నా కౌంటరు వెనక దింపాడు.

"కూర్చో" అన్నాడు.

"ఏంటిది? అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఇన్నాళ్లూ నేను కూర్చుంటే ఎవరు చూశారు?"

మైకు మోగింది. "రెండో అంతస్తు. ఆ కుర్చీ ఎవరిది?"

మీ బాబాయి మెడ ఎత్తి కెమెరా వైపు చూసి "నాది" అన్నాడు. దానికి చెవుల్లేవని ఆయనకి తెలియకనా? అయినా గట్టిగానే అన్నాడు.

నేను కూర్చోలేకపోయాను పిచ్చుకా. మోకాళ్లు వంగలేదు. భయమో, అలవాటు తప్పిందో. దుప్పట్ల దగ్గర పనిచేసే పెద్దక్క, మా అందరికన్నా పెద్దది, నడుచుకుంటూ వచ్చి, "మీ మొగుడూ పెళ్లాల వాదం తేలేలోపు నా కాళ్లు పడిపోయేట్టున్నాయి" అని అందులో కూర్చుంది. అంతే. దాన్ని చూసి మిగిలినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నేల మీద కూర్చున్నారు. చివరికి నేనూ పరదాల తాను మీద కూర్చున్నాను. ఒకావిడ వచ్చి నీలం పరదా చూపించమంది. "కూర్చునే చూపిస్తానండీ" అన్నాను. ఆవిడా పక్కనే చతికిలబడి అన్ని రంగులూ విప్పించింది. కొనలేదనుకో.

షావుకారు తనే పైకొచ్చాడు. "ఇంతమందికి తిండి పెడుతున్నాను, ఇదా నాకు మీరు చేసే మర్యాద?" అన్నాడు.

అప్పుడు నాకు ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు. "మీరు తిండి పెట్టట్లేదండీ. మేం పని చేస్తున్నాం, మీరు జీతం ఇస్తున్నారు. ఆ జీతంతో వండుకున్నది తినడానికి పావుగంట ఇస్తున్నారు, అదీ నిలబడి తినాలి. నీళ్లు తాగడానికి మాకు భయం. ఒక పిల్ల మీ టవళ్ల మీద పడిపోతే మీవాడు టవళ్లు ఏరుకున్నాడు. ఆ ఫిర్యాదు రాయించింది నేను. ఆ పిల్లకి ఏమీ తెలియదు. పొమ్మనాలంటే నన్ను పొమ్మనాల్సింది" అన్నాను. 

మీ బాబాయిని అక్కడికక్కడే యూనిఫాం విప్పి పొమ్మన్నారు. లోపల బనీను చిరుగు అందరికీ కనిపించింది. అది చూశాక నాకు భయం పూర్తిగా పోయింది. మర్నాడు మా అంతస్తువాళ్లెవర్నీ లోపలికి రానివ్వలేదు.

నీ అనుమానానికి జవాబు కూడా రాస్తున్నాను. బిల్లింగులో కూర్చునే అమ్మాయి చెప్పింది. లేబర్ ఆఫీసు గుమాస్తాయే ముందురోజు షావుకారుకి ఫోన్ చేశాడట, "రేపు మావాడు వస్తున్నాడు, కాస్త సర్దుకోండి" అని. అది షావుకారు నవ్వుతూ గద్దకి చెబుతుంటే వినింది. ఫిర్యాదు పంపింది నువ్వని మీ బాబాయికి తెలియనే తెలియదు. నీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఆయన దగ్గర ఏం చెప్పుకుంటావో నువ్వే చెప్పుకో, మధ్యలో నేను రాను.

మమ్మల్ని లోపలికి రానివ్వని రోజు సాయంత్రం మళ్లీ పొడుగమ్మాయి ఇంటికి వెళ్లాను. షాపులో నేనన్నది దానిదాకా చేరిందేమో, ఈసారి తలుపు తీసింది. చాలాసేపు నన్ను నిలబెట్టే తిట్టింది, పడ్డాను. తర్వాత చాప వేసి, "పేరు లేకుండా రాసి నా మీదకి తెచ్చారు. ఇప్పుడు నా పేరుతోనే రాయమను మీ కూతుర్ని" అంది. పెద్దక్క తన పేరూ రాయమంది. అంతస్తులో అందరం రాయమంటున్నాం. ఇది మేం అడుగుతున్నది. ముందుది నువ్వు అనుకున్నది. తేడా తెలుసుకో.

పిన్ని


జూన్ 16

పిన్నీ,

బాబాయికి విడిగా ఉత్తరం రాద్దామని కూర్చుని చింపేశాను. కాగితం మీద ఆయన్ని అన్నదాన్ని కాగితం మీదే దిద్దుకోవడం తేలిక. ఎదురుగా నిలబడి చెబుతాను. శనివారం బస్సుకి వస్తున్నాను.

ఈసారి నేను రాసి పంపను. మీరందరూ ఒకచోట కూర్చుని చెప్పండి, నేను రాస్తాను. రాసింది పైకి చదువుతాను. ఈ మాట వద్దని ఎవరన్నా కొట్టేస్తాను. నా గట్టి మాటలు ఎవరి మెడకి చుట్టుకుంటాయో ఆలోచించకుండా రాశాను. కోపంలో రాసినదాంట్లో కోపం నాది, మెడ వేరొకరిది. అది నేను చూసుకోలేదు.

విచారణ షాపులో వద్దని కూడా అడుగుదాం. ఒక్కొక్కర్నీ వేరుగా, మేనేజరు లేకుండా అడగాలని. ఆ గుమాస్తా ఫోన్ సంగతి పై అధికారికి వేరే రాద్దాం. బిల్లింగమ్మాయి పేరు మాత్రం ఆమె ఒప్పుకుంటేనే.

సెలవు కావాలని మా వకీలుగారిని అడిగితే, "ఇంత పని పెట్టుకుని సెలవా?" అన్నారు. అచ్చం మీ షావుకారులా వినిపించింది. ఈ ఆఫీసులో నేను భోజనానికి లేచే వేళ ఏదని నువ్వడిగితే నాకు జవాబు తెలియదు పిన్నీ. ఆయన బల్ల మీద ఆ చట్టాల పుస్తకమే ఉంది, దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటారు. శనివారం ఆఫీసుకి రానని చెప్పేశాను, మళ్లీ అడగలేదు.

పిచ్చుక


ఆగస్టు 20

పిచ్చుకా,

నువ్వు వచ్చి వెళ్లాక ఇల్లు బోసిపోయిందని మీ బాబాయి రోజూ అంటున్నాడు. నువ్వు గుమ్మంలోకి వచ్చి ఆయన ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే, "ముందు చెప్పులిప్పి లోపలికి రా" అన్నాడు చూడు, ఆయనకి కోపం రావడం అంతే. నాకు మాత్రం నీ మీద ఇంకా కొంచెం మిగిలుంది. వచ్చే ఉత్తరానికి అరిగిపోతుందేమో చూద్దాం.

లేబర్ ఆఫీసులోనే విచారణ అయిపోయింది. ఈసారి వచ్చినావిడ వేరే అధికారి. నువ్వు రాయించినట్టే ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి తలుపు వేసి అడిగింది. ఫిర్యాదు మీద మా పేర్లున్నాయి కాబట్టి ఎవరూ తలూపి బయటపడలేకపోయారు. గద్ద బయట బెంచీ మీద కూర్చున్నాడు, మేం నిలబడలేదు, వేరే బెంచీ వేయించుకున్నాం.

షావుకారు ఒప్పందం కింద సంతకం పెట్టాడు. ప్రతి కౌంటరు వెనకా స్టూలు. భోజనానికి అరగంట, వంతులవారీగా, కూర్చుని. చెక్కబిళ్ల లేదు. మడతల పనికి కూడా గంటలు కడతారు. మమ్మల్ని బయట ఉంచిన రోజుల జీతం ఇచ్చారు. ఇదంతా ముందే పుస్తకంలో ఉన్నదే కదా, ఇవ్వాల్సింది ఇస్తూ ఆయన మొహం దానం చేసినట్టు పెట్టాడు.

పొడుగమ్మాయిని తిరిగి రమ్మన్నారు. అది రాలేదు. వేరే చోట పని చూసుకుంది. "ఆ మైకు గొంతు మళ్లీ నా చెవిన పడితే నేనేం చేస్తానో నాకే తెలియదు పిన్నీ" అంది. మన వల్ల పోయిన ఉద్యోగం అది, నువ్వు మరిచిపోకు, నేనూ మరిచిపోను.

మీ బాబాయిది ఇంకా తేలలేదు. కుర్చీ దొంగతనం అని రాశారట. గేటు దగ్గర్నుంచి రెండో అంతస్తుకి, అదే షాపులో, పట్టపగలు, నెత్తిన పెట్టుకుని మోసుకెళ్లిన దొంగ. ఆ కేసు నువ్వు వదలకు. ఆయన వద్దంటాడు, వినకు. ఇప్పుడు గిడ్డంగి గేటు దగ్గర చేరాడు. తిట్టుకుంటూనే పోతున్నాడు, కొత్త గొంతు వచ్చింది ఆయనకి.

నిన్న మొదటిసారి స్టూలు మీద కూర్చున్నాను. మధ్యాహ్నం బేరాల్లేవు. హాయిగా ఉంటుందనుకున్నాను పిచ్చుకా. కాసేపటికి పాదాల్లోంచి సూదులు మొదలయ్యాయి. పిక్కలు, మోకాళ్లు, నడుము, ఒక్కొక్కటే నొప్పెత్తుకుంటూ పైకొచ్చింది. ఇన్నేళ్లూ అవి మొద్దుబారి ఉన్నాయి. కూర్చున్నాకే వాటికి ప్రాణమొచ్చింది, వచ్చి ఎంత నొప్పో చెప్పాయి. ఒక స్టూలు. పరదా ముక్కంత ధర చేయని స్టూలు. దీనికోసమా ఇన్నేళ్లు నా కాళ్లు తినేశారు అనిపించింది.

పెద్దక్క తన స్టూలు మీద కూర్చునే నన్ను చూసి, "స్టూలొచ్చింది కదే, ఇంకా ఎందుకా మొహం?" అంది.

"స్టూలొచ్చింది కాబట్టే" అన్నాను.

పిన్ని